నీలం ప్లాస్టర్ కింద

2011 వానాకాలం. అప్పుడు నేను శంషాబాద్ విమానాశ్రయం పక్కన ఒక ఫ్లైట్ కిచెన్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఫ్లైట్ కిచెన్ అంటే విమానాల్లో ఇచ్చే భోజనం వండి, ట్రేలలో సర్ది, ట్రాలీలకు సీలు వేసి పంపే పెద్ద వంటశాల. అక్కడ నర్సుకు ఏం పని అని చాలామంది అడుగుతారు. మా అమ్మ అయితే ఇప్పటికీ, బీఎస్సీ నర్సింగ్ చదివి ఊళ్లోవాళ్ల గోళ్లు చూసే ఉద్యోగం చేశావు అంటుంది. ఆ మాటలో అబద్ధం లేదు. ప్రతి షిఫ్టు మొదట్లో పనివాళ్లంతా నా మెడికల్ రూమ్ ముందు వరుసగా నిలబడేవారు. చేతులు, గోళ్లు, దగ్గు, జలుబు, ఎక్కడైనా తెగిన గాయం, ఒంటి మీద నగలు చూసి ఫిట్‌నెస్ స్లిప్ మీద సంతకం పెట్టాలి. ఆ స్లిప్ లేకపోతే లోపలికి అడుగు పెట్టనివ్వరు.

నా బల్ల మీద ఎప్పుడూ ఉండేది నీలం ప్లాస్టర్ల డబ్బా. తినే పదార్థాల్లో నీలం రంగువి దాదాపు ఉండవు కాబట్టి, ప్లాస్టర్ ఊడి అన్నంలో పడినా వెంటనే కంటికి కనబడాలని ఆ రంగు. దాని లోపల సన్నని లోహపు రేకు కూడా ఉంటుంది, కంటికి దొరకనిది మెటల్ డిటెక్టర్‌కు దొరకాలని. ఎవరికి ప్లాస్టర్ ఇచ్చినా రిజిస్టర్‌లో రాసేదాన్ని. షిఫ్టు అయ్యాక దాన్ని తెచ్చి నాకు చూపించి బుట్టలో వేయాలి. ఇంత పకడ్బందీగా ఉన్న పద్ధతిలో పొరపాటు ఎలా జరుగుతుందని నేను అనుకునేదాన్ని.

స్వరూపకు అప్పుడు ఇరవై ఏళ్లు. శంషాబాద్ అవతల పల్లె. తండ్రి ఆటో నడిపేవాడు. ఇంటర్ అయ్యాక కాంట్రాక్టర్ ద్వారా ట్రే సెట్టింగ్‌లో చేరింది. చల్లటి గదిలో బల్ల ముందు నిలబడి, ఒక్కో ట్రేలో పండ్ల ముక్కల కప్పు, బన్ను, వెన్న, చెంచాల ప్యాకెట్టు సర్దడం ఆమె పని. చేయి చురుకు, నోరు ఇంకా చురుకు. ఒక సోమవారం వరుసలో నిలబడితే, కుడి చెవి పైఅంచున ఎర్రరాయి కమ్మ మెరిసింది.

"ఇదేంటి స్వరూపా, కొత్తగా?"

"నిన్న కుట్టిచ్చుకున్న సిస్టర్. మా పెద్దమ్మ బావిలీలు ఇస్తనన్నది. ఆమెకు ఆడపిల్లలు లేరు గద, నాకే ఇస్తదంట. ముందుగాల ఒక చెవి కుట్టిచ్చిన. ఇది మానినంక రెండోది."

బావిలీలంటే చెవి పైఅంచుకు పెట్టుకునే చిన్న బంగారు నగలు. ఆ వైపు పెద్దవయసు ఆడవాళ్ల చెవులకు చాలాసార్లు చూశాను.

"ఎక్కడ కుట్టించావు?"

"బస్టాండ్ కాడ ఫ్యాన్సీ షాపుల. తుపాకితోని. టక్కుమన్నది, అంతే."

ఆ తుపాకి, అంటే పియర్సింగ్ గన్, చెవి తమ్మెకే సరిపోతుంది. తమ్మె మెత్తటి కండ, రక్తం బాగా ఉంటుంది, నెలా నెలన్నరలో మానుతుంది. పైభాగంలో ఉండేది కార్టిలేజ్, అంటే మృదులాస్థి. దానికి సొంతంగా రక్తనాళాలు లేవు. మీద అంటుకుని ఉన్న పలుచటి పొర నుంచే దానికి ఆహారం అందాలి. మొండి కమ్మను గన్‌తో కొడితే ఆ మృదులాస్థి నలిగే ప్రమాదం ఉంది. అన్నీ సవ్యంగా జరిగినా మానడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. ఇదంతా స్వరూపకు చెప్పాను. రోజుకు రెండుసార్లు ఉప్పునీళ్లతో తుడవమన్నాను, కమ్మను తిప్పొద్దన్నాను, ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోవద్దన్నాను. బుద్ధిగా తల ఊపింది. ఆ వెంటనే నేనే ఇంకో మాట అన్నాను.

"కానీ దీంతో లోపలికి వెళ్లకూడదు. తీసెయ్."

"తీస్తే పూడుకపోదా సిస్టర్?"

"నిన్న కుట్టింది కదా, పూడుకుంటుంది."

"మరెట్ల?"

ఆమె వెనకాల పదిమంది ఉన్నారు. "అది నువ్వు చూసుకోవాలి. నాకు మాత్రం లోపల ఏమీ కనబడకూడదు" అన్నాను. కమ్మ తీసి కొంగున ముడేసుకుంది. నీలం ప్లాస్టర్ చేతికిచ్చాను. తనే అతికించుకుని లోపలికి వెళ్లింది.

మరుసటి రోజు నుంచి కమ్మ లేకుండానే వచ్చింది. చెవి మీద చిన్న దూది ముక్క ఉండేది. "రంధ్రం ఇంక పచ్చిగున్నది సిస్టర్" అనేది. నేను ప్లాస్టర్ ఇచ్చేదాన్ని, దూది మీదే అతికించుకునేది. స్లిప్‌లో ఒక గడి ఉంటుంది: గాయం కప్పి ఉందా? ఉంది. టిక్కు పెట్టేదాన్ని. షిఫ్టు అయ్యాక ప్లాస్టర్ తిరిగి వచ్చేది. రిజిస్టర్‌లో లెక్క సరిపోయేది. రెండు వారాల పైన ఇలాగే గడిచింది.

మూడో వారంలో ఒకరోజు మధ్యాహ్నం షిఫ్టు. జోరున వాన. పనివాళ్లను తెచ్చే బండ్లు ఆలస్యంగా, అన్నీ ఒక్కసారే వచ్చాయి. వరుస తలుపు దాటి బయటి వరకు ఉంది. స్వరూప వంతు వచ్చేసరికి ఆమె చెవి పైసగం ఎర్రగా కనబడింది.

"నొప్పిగా ఉందా?"

"కొద్దిగంత. క్యాప్ ఒత్తుకుంటున్నది."

చెవి తమ్మె మామూలు రంగులోనే ఉంది. పైన మాత్రమే ఎరుపు. ఈ తేడా చూడగానే అనుమానించాలని మాకు రెండో ఏడాదిలోనే నేర్పారు. "షిఫ్టు అయ్యాక రా, సరిగ్గా చూస్తాను" అని ప్లాస్టర్ ఇచ్చి సంతకం పెట్టాను. ఆ సంతకం ఇప్పటికీ కళ్లముందు ఉంది.

గంటన్నర తర్వాత లోపలి ఫోన్ మోగింది. ట్రే సెట్టింగ్ ఇన్‌ఛార్జి కౌసర్ ఆపా. అందరూ ఆపా అనేవారు, అంటే అక్క. పహాడీ షరీఫ్ నుంచి వచ్చేది. వయసు నలభై దాటింది. ఆమె గొంతు ఎత్తితే కోల్డ్ రూమ్‌లో ఇంకాస్త చలి పుడుతుందని పిల్లలు నవ్వుకునేవారు. ఆరోజు గొంతు ఎత్తలేదు.

"సిస్టర్, జర జల్ది రండి."

కోటు, క్యాప్ వేసుకుని వెళ్లేసరికి బల్ల దగ్గర పని ఆగిపోయి ఉంది. స్వరూప పక్కకు నిలబడి ఏడుస్తోంది. ఊడిపోయిన ప్లాస్టర్ ఆమె చేతిలోనే ఉంది, చీముతో తడిసి.

"ప్లాస్టర్ ఉంది కదా ఆపా, మరేంటి?" అన్నాను.

"ప్లాస్టర్ ఉన్నది. పుల్ల లేదంటున్నది."

"ఏం పుల్ల?"

"అదే నేనడుగుతున్న! పళ్ల సందుల పుల్ల పెడ్తరు గని, చెవిల పుల్లేందే?"

స్వరూప ముక్కు తుడుచుకుంది. "కమ్మ తియ్యమన్నరు గద ఆపా. తీస్తే పూడుకపోతదని డ్యూటీల ఉన్నంత సేపు చీపురు పుల్ల పెట్టుకుంటున్న. ఇంటికి పోయినంక మళ్ల కమ్మ పెట్టుకుంట. కొత్త చీపురే ఆపా, ఊడ్సింది కాదు. పసుపు నూనెల నానబెట్టిన."

"కొత్త చీపురంట! విన్నరా సిస్టర్?" కౌసర్ ఆపా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఎప్పటిసంది లేదు?"

"తెల్వది. ప్లాస్టర్ ఊడుతుంటే ఒత్తుకున్న. పుల్ల చేతికి తగల్లే. ట్రేలల్ల పడ్డదేమోనని..." మాట మింగింది. "విమానంల పసిపిల్లలుంటరు గద ఆపా. గొంతుల ఇరుక్కుంటే?"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆమె నోరు విప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. పుల్లలో లోహం లేదు, ఏ మెషీనూ పట్టదు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. నోరు విప్పితే అది పోతుందని ఆ గదిలో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

ఆమె సర్దిన ట్రేలు అప్పటికే రెండు ట్రాలీల్లోకి ఎక్కాయి. వాటిని హైలోడర్‌లో పెట్టబోతున్నారు. హైలోడర్ అంటే విమానం తలుపు ఎత్తు వరకు పెట్టె లేచే లారీ. కౌసర్ ఆపా వాటిని వెనక్కి తెప్పించింది. సీళ్లు తీశారు. ఒక్కో పండ్ల కప్పు మూత తీసి, బన్ను కవరు తిప్పి, గోరంత పుల్ల కోసం అరగంట పైగా వెతికారు. దొరకలేదు. హైజీన్ మేనేజర్ గడియారం చూస్తూ నిలబడ్డాడు.

నేను స్వరూపను మెడికల్ రూమ్‌కు తీసుకొచ్చాను. క్యాప్ తీయించి, దీపం దగ్గర కూర్చోబెట్టి, చెవిని మొదటిసారి ముందుకు వంచి చూశాను. మొదటిసారి. పైఅంచు పూరీలా ఉబ్బి ఉంది. ముందు వైపు రంధ్రం మూసుకుని, దాని మీద పసుపురంగు పొక్కు. వెనక వైపు వాచిన చర్మం మధ్యలో ఆవగింజంత నల్లచుక్క. గ్లవ్స్ వేసుకుని మెల్లగా రెండు వైపులా వేళ్లు ఆనించాను. గట్టిగా ఏదో తగిలింది. స్వరూప కెవ్వుమంది.

పుల్ల ఎక్కడా పడలేదు. చెవి దాన్ని మింగేసింది.

"అంత పొట్టిగా ఎందుకు తెంపావు?" అని అడిగాను.

"ప్లాస్టర్ కిందికెల్లి ఎత్తుగ కనబడుతుండె. ఏం కనబడొద్దన్నరు గద సిస్టర్ మీరు."



మేనేజర్ తలుపులోంచే అడిగాడు. "చెవిలోనే ఉందా? ఖాయంగా చెప్పండి. చెబితే ట్రాలీలు పంపిస్తాను."

అవునంటే అందరి పనీ అయిపోయేది, స్వరూప గండం కూడా సగం గడిచేది. కానీ నా వేళ్లకు తగిలింది పూర్తి పుల్లో, విరిగిన సగమో నాకు తెలియదు. అక్కడికక్కడే పట్టుకారుతో లాగుదామా అన్న ఆలోచన కూడా వచ్చింది. చీము పట్టిన కార్టిలేజ్‌ను నర్సు గదిలో కెలికితే ఉన్న చెవి కూడా పోతుంది. "లోపల ఏదో ఉంది సార్. అంతా ఉందని చెప్పలేను" అన్నాను. ఆయన ట్రాలీల వైపు వెళ్లాడు. రెండు ట్రాలీల తిండీ పారబోశారు. కౌసర్ ఆపా మిగతా పిల్లలను నిలబెట్టి మళ్లీ మొదటి నుంచి సర్దించింది. విమానానికి ట్రాలీలు అందాయని తర్వాత తెలిసింది.

స్వరూపను కంపెనీ బండిలో ఆరాంఘర్ వైపు ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లాను. అక్కడి చెవి డాక్టర్‌గారు పెద్దాయన, మాటలు తక్కువ. చెవి చూడగానే పెరికాండ్రైటిస్ అన్నారు. కార్టిలేజ్‌కు తిండి పెట్టే ఆ పలుచటి పొరకు పట్టే ఇన్ఫెక్షన్ అది. పొరకూ కార్టిలేజ్‌కూ మధ్య చీము చేరితే తిండి అందక అది చచ్చి కరుగుతుంది, చెవి ముడుచుకుపోతుంది. తర్వాత ఏం చేసినా పాత ఆకారం రావడం కష్టం.

"ఎన్ని రోజుల నుంచి చూస్తున్నారమ్మా దీన్ని?" అని నన్ను అడిగారు.

"రెండు వారాల పైనుంచి ప్లాస్టర్ చూస్తున్నానండీ," అన్నాను. "చెవి ఇవాళే చూశాను."

ఆయన మత్తు సూది ఇచ్చి, చిన్న గాటు పెట్టి చీము తీశారు. తర్వాత పట్టుకారుతో పుల్లను బయటకు లాగి గాజుగుడ్డ మీద పెట్టారు. బియ్యపు గింజ కన్నా కాస్త పొడుగు. నేను దాని రెండు చివరలూ చూస్తూ, ఇది మొత్తమేనా అని పైకే అనుకున్నాను.

బల్ల మీద పడుకునే స్వరూప అంది. "నా పర్సుల ఇంకోటుంది సిస్టర్. రెండు ఒక్క తీరుగ తెంపిన. ఇది పోతే అది పెట్టుకుందామని."

పర్సులో కాగితం మడతలో ఉంది, పసుపు అంటిన రెండో పుల్ల. రెంటినీ పక్కపక్కన పెట్టాను. సరిగ్గా ఒకే పొడుగు. మేనేజర్‌కు ఫోన్ చేసి చెప్పాను. "పారబోశాక చెబితే ఏం లాభం?" అన్నాడు. కానీ ఆ గొంతులోనూ ఊపిరి వదలడం వినిపించింది. ఎందుకంటే ముందు రోజుల్లో ఆమె సర్దిన ట్రేలలో ఏం పడిందోనన్న భయం మాకిద్దరికీ ఉంది. అంతకుముందు ఎప్పుడైనా పుల్ల పోయిందా అని స్వరూపను అడిగాను. "లేదు సిస్టర్, ఒట్టు. రోజు ఇంటికి పోయి తీసి పారేస్తుంటి." ఆ మాటను నమ్మాను. పుల్ల పోయిన ఒక్కరోజు తనే నోరు విప్పి చెప్పిన పిల్ల కదా.

ఆ సాయంత్రం ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయాలి. జరిగింది ఏమిటి, ఎందువల్ల జరిగింది అని రెండు భాగాలు ఉంటాయి. రెండో భాగంలో 'ఉద్యోగి నిబంధన ఉల్లంఘించింది' అని రాసి ఆపేయవచ్చు. అది నిజమే. నేను అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, కన్ఫర్మేషన్ కాగితం ఇంకా రాలేదు. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చివరికి, కొత్తగా కుట్టిన చెవిని నేను ఒక్కరోజు కూడా తెరిచి చూడలేదనీ, ఎరుపు చూసి కూడా లోపలికి పంపాననీ రాశాను.

నాకు ఒక మెమో వచ్చింది. స్వరూపను కాంట్రాక్టర్ మరునాడే రావద్దన్నాడు. కౌసర్ ఆపా నేరుగా మేనేజర్ గదిలోకి వెళ్లింది. నేను అక్కడే ఉన్నాను.

"తీసేయండి సార్. మీ మర్జీ. గని చెప్పిన పిల్లను తీసేస్తే, రేపు ఎవ్వరి చెయ్యి తెగినా నాకు చెప్పరు. గ్లవ్స్ ఏసుకుని పని చేస్తరు. అప్పుడు మీరు నన్ను అడుగొద్దు."

ఆయన రెండు రోజుల తర్వాత, చెవి పూర్తిగా మానితే, డాక్టర్ కాగితం తెస్తే చూద్దామన్నాడు.

అలా ఆ చెవి మానడం మీద ఆ ఉద్యోగం నిలిచింది. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్. ఆమెకు లోపలికి పాస్ లేదు కాబట్టి గేటు దగ్గర సెక్యూరిటీ గది బెంచీ మీద కూర్చోబెట్టి నా షిఫ్టుకు ముందు కట్టు మార్చేదాన్ని. చీము మళ్లీ చేరకుండా చెవి వంపులో దూది చుట్ట ఒత్తి పెట్టాలి. మాత్రలు పది రోజులు. ప్రతిసారీ చెవిని ముందుకు వంచి వెనక చూసేదాన్ని. మొదటివారం ఆమె వెంట పెద్దమ్మ వచ్చింది, బావిలీలు ఇస్తానన్న ఆవిడే. ఆవిడ చెవుల పైన అవే మెరుస్తున్నాయి. నేను కట్టు కట్టడం అయ్యాక అడిగింది.

"కమ్మ తియ్యమన్నరంట గద మీరు. తియ్యమన్నోళ్లు, పుల్ల పెట్టొద్దని ఎందుకు చెప్పలే బిడ్డా?"

"పుల్ల పెడుతుందని నాకు తెలియదమ్మా."

"అయ్యో, మా దిక్కు అందరం పుల్లనే పెడ్తం. గా మాట అడిగితే ఎవ్వలన్న చెప్తుండె."

ఆవిడ కోపంతో అనలేదు. ఉన్నమాట అంది. నర్సింగ్‌లో నేను రాసిన ఏ పరీక్షలోనూ అంత సూటి ప్రశ్న రాలేదు.

ఏడు వారాలకు డాక్టర్‌గారు కాగితం ఇచ్చారు. చెవి నిలిచింది. పైఅంచున ఒకచోట మాత్రం వేలితో నొక్కినట్టు చిన్న సొట్ట మిగిలింది. స్వరూపను మళ్లీ తీసుకున్నారు, ట్రే సెట్టింగ్‌లో కాదు, ఖాళీ ట్రాలీలు కడిగే విభాగంలో. ఆర్నెల్ల తర్వాత కౌసర్ ఆపా పోరుపెట్టి తన బల్ల దగ్గరికి తెచ్చుకుంది. చెవి పైన ఇక కుట్టించొద్దని డాక్టర్‌గారు గట్టిగా చెప్పారు. బావిలీలు పెద్దమ్మ చెవులకే ఉండిపోయాయి.

నా పనిలో రెండు మార్పులు చేసుకున్నాను. స్లిప్‌లో 'కప్పి ఉందా' అన్న గడి పక్కన 'విప్పి చూశారా' అన్న గడి పెట్టించాను. దానికి మేనేజర్ సంతకం చేయడానికి నాలుగు నెలలు పట్టింది. రెండోది కాగితం మీద లేదు. ఎవరినైనా ఏదైనా తీయమన్నా, మానమన్నా, "మరి దాని బదులు ఏం చేస్తావు?" అని అడగడం మొదలుపెట్టాను. ఆ ఒక్క ప్రశ్నకు ఎన్ని జవాబులు వచ్చాయో రాస్తే ఇంకో వ్యాసమవుతుంది. కాలిన వేలికి పళ్లపొడి, తెగిన చోట కాఫీ పొడి, కంటికి గులాబీ నీళ్లు. వద్దన్నది మానేసి ఊరుకునేవాళ్లను నేను పెద్దగా చూడలేదు. మనుషులు ఏదో ఒకటి చేస్తారు. అది ఏమిటో తెలుసుకోకుండా వద్దనడం సగం వైద్యమే.

ఇప్పుడు 2014. పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను. పాపకు పదకొండో నెల, వచ్చే వారం చెవులు కుట్టిస్తున్నాం. తమ్మెలకే, అయినా నాకు నాలుగు రోజులుగా నిద్ర సరిగ్గా లేదు. పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను, మధ్యమధ్య లేచి ఆ రెండు చిన్న చెవుల వెనక చూసి వస్తున్నాను, ఇంకా కుట్టనే లేదు. మా అత్తయ్యకు పసుపు వద్దు, నూనె వద్దు అని జాబితా చదవబోయి ఆగాను. "చెవికి కుట్టిన తీగ ఊడిపోతే ఏం పెడతారత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ తడుముకోకుండా "చీపురు పుల్ల" అంది. అప్పుడు కూర్చుని ఈ కథంతా చెప్పాను. విన్నాక ఆవిడ, ఊడితే నిన్నే పిలుస్తాలే అంది.

పోయిన నెల శంషాబాద్ కూరగాయల మార్కెట్‌లో స్వరూప కనబడింది. పెళ్లయింది, ఇప్పుడు కౌసర్ ఆపా తర్వాత ఆ బల్లకు తనే పెద్ద. పాపను ఎత్తుకుని బుగ్గ గిల్లింది. చెవులెప్పుడు కుట్టిస్తున్నారని అడిగింది. నా చూపు ఎటు వెళ్తోందో గమనించినట్టుంది. నేను నోరు తెరవకముందే పాపను నాకిచ్చి, జుట్టు పక్కకు తీసి, చెవిని తనే ముందుకు వంచి వెనక వైపు నాకు చూపించింది.

"చూడున్రి సిస్టర్. సాఫ్ ఉన్నది."

సంచీ కింద పెట్టి చూశాను.